హైడన్ గారి సర్వీసు రిజిస్టరు: చర్చి ఆర్గన్, పియానో ట్రియో

ప్రత్యేక సంచికకు చరిత్ర మీద ఒక వ్యాసం రాయమని సంపాదకవర్గం వారు కోరారు. రాజుల చరిత్రలు, యుద్ధాల చరిత్రలు మనం బడిలో కావలసినన్ని చదువుకున్నాం. ఈసారి ఒక ఉద్యోగి చరిత్ర రాద్దామనిపించింది. ఆయన మన దేశంవాడు కాడు, మన శాఖవాడు అంతకన్నా కాడు. రెండు వందల యాభై ఏళ్ళ నాడు ఆస్ట్రియా సామ్రాజ్యంలో ఒక సంస్థానాధీశుని కొలువులో సంగీత విభాగంలో జీతానికి పనిచేసినవాడు. మెమోలు తిన్నాడు, అదనపు బాధ్యతలు మోశాడు, అడ్వాన్సులు అడిగాడు, చివరికి పెన్షను పుచ్చుకున్నాడు. పేరు జోసెఫ్ హైడన్.

ఈయన గురించి రాయాలన్న ఆలోచన ఒక కచేరీ పద్ధతి వల్ల కలిగింది. యూరప్‌లో చర్చిలలో ఆరాధన లేని వేళల్లో సంగీత కచేరీలు జరుగుతుంటాయి. వాటిలో ఒక రకం ఏమిటంటే, ఒకే సాయంత్రం, ఒకే చర్చిలో, కొంతసేపు పియానో ట్రియో, కొంతసేపు చర్చి ఆర్గన్ వినిపిస్తారు. చూడడానికి మామూలు ఏర్పాటే. కాని చరిత్ర తెలిస్తే ఇది ఎంత అరుదైన కలయికో అర్థమవుతుంది. ఆ రెంటినీ తన సర్వీసులో చేతులారా మోసిన మనిషి కథ తెలిస్తే అది మన కథలాగే ఉంటుంది.

రెండు వాద్యాలు, రెండు ఇళ్ళు

ముందు ఈ వాద్యాల సంగతి చెప్పాలి. పియానో ట్రియో అంటే ముగ్గురు వాయించే సంగీతం. ఒకరు పియానో, ఒకరు వయొలిన్, ఒకరు సెల్లో. వయొలిన్ మనకు కొత్త కాదు, విజయనగరంలో ద్వారం వెంకటస్వామి నాయుడు గారు దానిని మన వాద్యం చేసి పెట్టారు. సెల్లో అంటే దాని పెద్దన్న అనుకోండి. కుర్చీలో కూర్చుని మోకాళ్ళ మధ్య నిలబెట్టుకుని కమానుతో వాయిస్తారు, గొంతు మంద్రంగా ఉంటుంది. ఈ మూడూ కలిసిన సంగీతం ఇళ్ళలో పుట్టింది. పది మంది కూర్చునే గదిలో, ఇంటి ఆడపిల్ల పియానో దగ్గర కూర్చుంటే, వచ్చిన చుట్టం వయొలిన్ అందుకుంటే జరిగే ముచ్చట అది.

ఆర్గన్ మాటకు వస్తే, మన పద్యనాటకాల హార్మోనియం గుర్తు చేసుకోండి. ఒక చేత్తో తిత్తి ఊదుతూ రెండో చేత్తో మెట్లు నొక్కుతారు. గాలి లోపలి సన్నని ఇత్తడి నాలుకలను తాకితే స్వరం పలుకుతుంది. హార్మోనియానికి 1842లో పారిస్‌లో పేటెంటు తీసుకున్నారు. ఆర్గన్‌కు దగ్గర చుట్టం, చవకైనది, మోసుకుపోదగినది కాబట్టి మిషనరీలతో ఓడ ఎక్కి మన దేశం వచ్చింది, మన చర్చిలలోకి, మన నాటకాలలోకి వెళ్ళింది. అసలు ఆర్గన్‌లో ఇత్తడి నాలుకల కన్నా గొట్టాలు ముఖ్యం. చిటికెన వేలంత పొట్టి గొట్టం మొదలుకొని తాటిచెట్టును తలపించే గొట్టం వరకు వందలు, వేలు ఉంటాయి. గాలి వాటిలోకి వెళితే పిల్లనగ్రోవి పలికినట్టు పలుకుతాయి. కరెంటు లేని రోజుల్లో వాయించేవాడు ముందర కూర్చుంటే వెనుక తిత్తులు తొక్కడానికి వేరే మనుషులుండేవారు. వారి పేర్లు ఏ కరపత్రంలోనూ ఉండవు. ఆఫీసుల్లో మన సంగతి తెలిసినవారికి దీని మీద వ్యాఖ్య అక్కరలేదు.

కాబట్టి ఒకటి ఇంటి సంగీతం, ఒకటి దేవుడి మందిరపు సంగీతం. ఇల్లు మారవచ్చు, పియానో బండెక్కుతుంది. ఆర్గన్ గోడలో భాగం, కదలదు. ఈ రెంటి మధ్య హైడన్ ఎలా తిరిగాడో ఇప్పుడు చూద్దాం.

ఆదివారం మూడు డ్యూటీలు

హైడన్ 1732లో రోరావు అనే పల్లెటూళ్ళో పుట్టాడు. తండ్రి బండిచక్రాలు చేసే వడ్రంగి. తల్లి పెళ్ళికి ముందు ఒక ప్రభువుగారి ఇంట్లో వంటమనిషి. గొంతు బాగుందని పిల్లవాణ్ణి వియన్నాలోని సెయింట్ స్టీఫెన్స్ చర్చి పాటల బృందంలో చేర్చుకున్నారు. పదిహేడేళ్ళు వచ్చేసరికి గొంతు మారింది. గొంతు మారిన కుర్రవాడితో చర్చికి పని లేదు. చేతిలో చిల్లిగవ్వ లేకుండా వీధిన పడ్డాడు.

ఆ తరువాత కొన్నేళ్ళు ఆయన బతికిన తీరు వింటే, ఉద్యోగం పర్మనెంటు కాకముందు మన తరంవాళ్ళు పడ్డ పాట్లు గుర్తుకు వస్తాయి. ఆదివారాలు, పండుగ రోజులు వస్తే ఉదయం 8 గంటలకు, రోగుల సేవ చేసే ‘దయా సోదరులు’ అనే సన్యాసుల చర్చిలో వయొలిన్. దానికి ఏడాదికి 60 గుల్డెన్లు. 10 గంటలకు హౌగ్విట్జ్ అనే ప్రభువు గారి ప్రార్థనాలయంలో ఆర్గన్. 11 గంటలకు మళ్ళీ సెయింట్ స్టీఫెన్స్ చర్చిలో పాట, పూటకు 17 క్రాయిట్జర్లు. 60 క్రాయిట్జర్లు ఒక గుల్డెన్ అని లెక్క. ఒకే పూట మూడు చోట్ల డ్యూటీ, మూడు రకాల పని. ఆర్గన్ వేళ్ళకు అబ్బింది ఈ పరుగుల్లోనే. 1756లో ఆర్గన్‌కు ఒక కచేరీ కృతి రాశాడు. ఆ కాలపు రచనల్లోనే ఆర్గన్, వయొలిన్ రెండూ జోడు కథానాయకులుగా, తక్కిన తంత్రీవాద్యాలు వెనుక నిలబడేట్టు రాసినది ఒకటి ఉంది. ఇంటి వాద్యం, గుడి వాద్యం సమానంగా మాట్లాడుకునే రచన అది.

1761 నియామకపు ఉత్తర్వు

1761 మే 1వ తేదీన ఎస్టర్‌హాజీ ప్రభువుల కొలువులో ఉప సంగీతాధికారిగా నియామకం అయింది. ఆ కాంట్రాక్టు ఇప్పటికీ భద్రంగా ఉంది. 14 షరతులు. జీతం ఏడాదికి 400 గుల్డెన్లు, మూడు నెలలకొకసారి చెల్లింపు. భోజనం అధికారుల బల్ల దగ్గర, లేదా దాని బదులు రోజుకు అర గుల్డెన్. తెల్ల మేజోళ్ళు, తెల్ల చొక్కా, పొడి చల్లిన జుట్టు వేషం తప్పనిసరి. రోజూ మధ్యాహ్నానికి ముందొకసారి, తరువాతొకసారి ప్రభువు గారి గది బయట నిలబడి, ఈ పూట సంగీతం కావాలా అక్కరలేదా అని ఆజ్ఞ తెలుసుకోవాలి. తన చేతి కింది వాద్యగాళ్ళ నడవడికకు పూచీ తనదే. అన్నింటికీ మించి ఒక షరతు ఉంది. ఆయన రాసిన సంగీతమంతా ప్రభువు గారి సొత్తు. ఎవరికీ నకలు ఇవ్వరాదు, అనుమతి లేకుండా ఇతరులకు రాయరాదు.

పై అధికారి పేరు గ్రెగర్ వెర్నర్. 1728 నుంచీ అక్కడే ఉన్న వృద్ధుడు. చర్చి సంగీతం ఆయన అధీనంలోనే ఉంచి, తక్కినదంతా హైడన్‌కు ఇచ్చారు. ఒక సెక్షనుకు ఇద్దరు అధికారులుంటే ఏమవుతుందో మనకు తెలియనిది కాదు.

1765 అక్టోబరులో వెర్నర్ ప్రభువు గారికి అర్జీ పెట్టుకున్నాడు. చర్చి సంగీతం పాడైపోతోందని, వాద్యాలు చూసే దిక్కు లేదని, గాయకులు డ్యూటీకి రావడం లేదని, దీనికంతకూ హైడన్ అలసత్వమే కారణమని దాని సారాంశం. వెంటనే హైడన్‌కు మెమో వచ్చింది. చర్చిలోని వాద్యాలన్నిటికీ, సంగీత ప్రతులన్నిటికీ జాబితా తయారుచేసి, మూడు ప్రతుల్లో సంతకం చేసి, ఎనిమిది రోజుల్లో దాఖలు చేయాలి. పైగా రచనలో శ్రద్ధ పెంచాలి, అందులోనూ ప్రభువు గారు స్వయంగా వాయించే బారిటన్ అనే తీగల వాద్యానికి ఎక్కువ రాయాలి.

మెమోకు మన హైడన్ ఇచ్చిన జవాబు చూడండి. వాదన పెట్టుకోలేదు. పని చూపించాడు. ఆ బారిటన్‌కు ఆయన రాసిన ట్రియోల సంఖ్య 126కు చేరింది. 1766 జనవరిలోనే ప్రభువు మెచ్చి 12 డ్యూకట్లు బహుమానం ఇప్పించాడు. దాదాపు అదే కాలంలో తన రచనలన్నిటికీ తానే ఒక రిజిస్టరు తెరిచాడు. మొదటి పంక్తులు రాసి పెట్టుకున్న ఆ పుస్తకం ఉండబట్టే ఏ రచన ఆయనదో ఏది కాదో తేల్చడానికి ఈనాటి పండితులకు ఆధారం దొరికింది. రిజిస్టరు సరిగా రాసిన వాడికి నష్టం లేదని మా పాత సూపరింటెండెంటు గారు అంటుండేవారు. రెండు శతాబ్దాల తరువాత కూడా అక్కరకు వస్తుందని ఆయనకు తెలిస్తే సంతోషించేవారు.

అదనపు బాధ్యత

1766 మార్చిలో వెర్నర్ కాలం చేశాడు. హైడన్‌కు ప్రమోషను వచ్చింది, దానితో చర్చి సంగీతం కూడా ఆయన బల్ల మీదికే వచ్చింది. 1773లో ఐజెన్‌స్టాట్ కోట చర్చిలో ఆర్గన్ వాయించే ఉద్యోగి చనిపోయాడు. ఆ పోస్టు కూడా హైడన్‌కే అప్పగించారు. చలికాలంలో తాను వాయించేవాడు. వేసవిలో కొలువంతా ఎస్టర్‌హాజా అనే కొత్త భవనానికి తరలిపోతే ఊళ్ళోని బడిపంతులు ఆయన బదులు వాయించేవాడు. మన భాషలో చెప్పాలంటే పూర్తి అదనపు బాధ్యత.

ఆ రోజుల్లో, 1775 ప్రాంతంలో పుట్టిన ఒక చిన్న రచన గురించి తప్పక చెప్పాలి. దానికి ‘చిన్న ఆర్గన్ మాస్’ అని పేరు పడింది. మాస్ అంటే కాథలిక్కుల ఆరాధనలో పాడే పాటల వరుస. ఐజెన్‌స్టాట్‌లోని దయా సోదరుల చర్చి కోసం రాశాడు. ఒకనాడు వియన్నాలో ఏడాదికి 60 గుల్డెన్లకు వయొలిన్ వాయించింది ఈ సోదరుల దగ్గరే కదా. ఐజెన్‌స్టాట్‌లో ఉన్నది చిన్న చర్చి, చిన్న ఆర్గన్, పాటగాళ్ళు నిలబడే అటక అంతకన్నా చిన్నది. అందువల్ల వాద్యాలు రెండు వయొలిన్లు, ఒక మంద్రవాద్యం, ఆర్గన్ మాత్రమే. ఆస్ట్రియా పల్లెల్లో పేద చర్చిలన్నిటికీ ఇదే బలగం, దానిని చర్చి ట్రియో అని పిలిచేవారు. ఇంత తక్కువ సరంజామాతో ఆయన చేసినది ఏమిటంటే, ఒకచోట తక్కిన వారినందరినీ వెనక్కి తగ్గమని, ఒక్క స్త్రీ గొంతును, ఒక్క ఆర్గన్‌ను మాత్రం మాట్లాడుకోనిచ్చాడు. ఆర్గన్ దగ్గర కూర్చునేది తానే. దానికి ఎంత చోటు ఇవ్వాలో, ఎక్కడ ఆగాలో ఆయనకు తెలుసు.

పియానో ట్రియోకు పొరుగున చర్చి ఆర్గన్‌ను కూర్చోబెట్టిన కచేరీ వింటున్నప్పుడు నాకు ఈ చర్చి ట్రియోయే గుర్తుకు వస్తుంది. నలుగురు మనుషులు, ఒక ఆర్గన్ ఉంటే చాలు, చర్చికి సంగీతం ఉన్నట్టే అని ఆ పల్లెలవారు ఏనాడో తేల్చుకున్నారు.

అడ్వాన్సు అడిగిన ఉత్తరం

1779 జనవరిలో హైడన్‌కు కొత్త కాంట్రాక్టు రాశారు. పాత కాంట్రాక్టులోని గట్టి షరతు, రచనలన్నీ ప్రభువు సొత్తు అన్నది, దానిలో లేదు. ఆ ఒక్క పంక్తి తొలగిపోవడంతో ఆయనకు బయటి ప్రపంచపు తలుపు తెరుచుకుంది. మరుసటి ఏడాదే వియన్నాలోని అర్టారియా అనే ప్రచురణ సంస్థ ఆయన రచనలు అచ్చు వేయడం మొదలుపెట్టింది.

అచ్చు వ్యాపారికి కావలసినది ఏమిటి? జనం కొనేది. అప్పుడు ఊళ్ళలో ఉన్నవారి ఇళ్ళలోకి పియానో వస్తోంది. ఇంట్లో ముగ్గురు కూర్చుని వాయించుకునే పుస్తకాలు బాగా అమ్ముడుపోయేవి. అందుకని 1784 నుంచి 1790 లోపల హైడన్ డజనుకు పైగా పియానో ట్రియోలు రాశాడు. అట్టల మీద వాటిని ట్రియోలు అనేవారు కారు, వయొలిన్, సెల్లో తోడుగల పియానో సొనాటాలు అని వేసేవారు. ఆనాటి పియానో తేలికపాటిది, కొయ్య చట్రం, మంద్రస్వరాలు తొందరగా ఆరిపోయేవి. అందుచేత వాయించేవారి ఎడమచేతి స్వరాలనే సెల్లో కూడా పలికి వాటికి ఊతమిచ్చేది. సెల్లోకు సొంత మాట తక్కువేమని ఈ కాలంవారు అడుగుతారు. ఊతమివ్వడం కూడా ఒక ఉద్యోగమే.

1788 అక్టోబరులో ఆయన అర్టారియా వారికి రాసిన ఉత్తరం ఒకటి నాకు చాలా ఇష్టం. మీరడిగిన మూడు ట్రియోలు బాగా రావాలంటే మంచి పియానో ఉండాలి, అందుకని కొత్తది కొన్నాను, దాని ఖరీదు 31 బంగారు డ్యూకట్లు ముందుగా చెల్లించండి అని దాని భావం. అప్పటికి ఆయన పేరు పారిస్, లండన్ దాకా పాకింది. అయినా నెలాఖరు చిక్కు నెలాఖరు చిక్కే.

ఆయన సర్వీసులో వంక పెట్టదగిన పనులు లేకపోలేదు. లండన్ ప్రచురణకర్తకు తన పేరుతో పంపిన మూడు ట్రియోలలో రెండు శిష్యుడు ప్లెయెల్ రాసినవని నేటి పండితులు చెబుతున్నారు. దాని మీద ప్రచురణకర్తల మధ్య కోర్టు వ్యాజ్యం కూడా నడిచింది. రిజిస్టరు రాస్తున్నప్పుడు మంచి రిమార్కులే ఎత్తి రాయడం న్యాయం కాదు కాబట్టి ఇదీ చెబుతున్నాను.

పెన్షను మొదలైన తరువాత

1790 సెప్టెంబరు 28న నికొలాస్ ప్రభువు మరణించాడు. వారసుడు ఆంటన్‌కు సంగీతం మీద మోజు లేదు. వాద్యబృందాన్ని దాదాపు మొత్తం తీసివేశాడు. పాత ప్రభువు వీలునామాలో హైడన్‌కు ఏడాదికి 1,000 గుల్డెన్ల పెన్షను రాశాడు. ఆంటన్ దానిపైన 400 జీతంగా ఇచ్చి, పదవి పేరు అలాగే ఉంచుకొమ్మన్నాడు, పని మాత్రం లేదు.

అప్పటికి ఆయన వయసు 58. మన పాత సర్వీసు రూలు ప్రకారమైనా ఇంటికి పోవలసిన వయసే. ఆ ఏడాది డిసెంబరు 15న ఆయన సాలొమన్ అనే కచేరీ నిర్వాహకునితో బయలుదేరి, 1791 జనవరి 1న సముద్రం దాటి ఇంగ్లండులో కాలు పెట్టాడు. ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం డాక్టరేటు ఇచ్చింది. వెస్ట్‌మినిస్టర్ ఆబీలో వెయ్యి మందికి పైగా కలిసి చేసిన హాండెల్ ఉత్సవ సంగీతం విన్నాడు. సెయింట్ పాల్స్ చర్చిలో ధర్మబడుల పిల్లలు వేల మంది ఒక్క గొంతుగా ఒక చిన్న కీర్తన పాడితే విని, అంతగా మనసు కదిలించిన సంగీతం మరొకటి లేదని డైరీలో రాసుకున్నాడు. ఆ మాట అన్నవాడు అప్పటికి తొంభైకి పైగా సింఫనీలు రాసినవాడు.

పెన్షను పుచ్చుకున్న తరువాతి ఏళ్ళలోనే ఆయన పియానో ట్రియోలు పరాకాష్ఠకు వెళ్ళాయి. 1794 నుంచి 1797 దాకా లండన్‌లో నాలుగు పుస్తకాలు, పుస్తకానికి మూడు చొప్పున 12 ట్రియోలు అచ్చయ్యాయి. ఇంగ్లీషువారి పియానోలు గట్టివి, మోత ఎక్కువ. ఆ బలమంతా ఈ ట్రియోలలో వినబడుతుంది. ఒక పుస్తకం రెబెకా ష్రోటర్ అనే వితంతువుకు అంకితం. ఆమె లండన్‌లో ఆయన దగ్గర పాఠాలు చెప్పించుకున్నది. ఆమె రాసిన ఉత్తరాలను ఆయన తన నోటు పుస్తకంలో నకలు రాసి ఉంచుకున్నాడు. అందులోని జి మేజర్ ట్రియో ఈనాటికీ అందరికీ ఇష్టమైనది. దాని చివరి భాగం హంగరీ జిప్సీల పాట ఫక్కీలో పరుగెత్తుతుంది. లండన్‌లో కూర్చున్న పెన్షనరుకు తాను ఉద్యోగం చేసిన పొలిమేరల పాట గుర్తుకు వచ్చిందన్నమాట. మరో పుస్తకం థెరెసా జాన్సెన్ అనే గొప్ప పియానో విదుషీమణికి. 1795లో ఒక లండన్ చర్చిలో జరిగిన ఆమె పెళ్ళికి సాక్షి సంతకం పెట్టినవారిలో హైడన్ ఒకడు.

తక్కిన రెండు పుస్తకాలు ఎస్టర్‌హాజీ ఇంటి కోడళ్ళకు అంకితమిచ్చాడు. వారిలో మరియా హెర్మెనెగిల్డ్ అనే రాణిగారి పేరు గుర్తుంచుకోండి. ఇంటి ట్రియోకూ గుడి ఆర్గన్‌కూ వంతెన ఆవిడే.

ఖాళీ పోస్టులు, ఆర్గన్

ఆంటన్ 1794లో చనిపోయాడు. అతని కొడుకు రెండవ నికొలాస్ సంగీత బృందాన్ని మళ్ళీ నిలబెట్టాడు. పెన్షనరును వెనక్కి పిలిచి, పెద్ద పని ఒక్కటే అప్పగించాడు. ఏటా సెప్టెంబరులో తన భార్య, ఆ మరియా హెర్మెనెగిల్డ్ గారి నామదినోత్సవానికి ఒక కొత్త మాస్ రాయాలి. 1796 నుంచి 1802 వరకు అటువంటివి ఆరు రాశాడు. ఎవరి చేతికి 1795లో ఇంట్లో వాయించుకునే ట్రియోలు ఇచ్చాడో, వారి పేరు మీదనే ఇప్పుడు చర్చిలో ఆర్గన్ మోగింది.

1798లో ఒక సంగతి జరిగింది. ప్రభువు పొదుపు పేరుతో గాలివాద్యాల బృందాన్ని తీసివేశాడు. సన్నాయి జాతి వాద్యాలు, కొమ్ములు పలికేవారు ఒక్క ఉత్తర్వుతో ఇళ్ళకు పోయారు. పండుగ మాత్రం ఆగదు కదా. హైడన్ ఆ ఏడాది జూలై 10న మొదలుపెట్టి ఆగస్టు 31న ముగించాడు, మొత్తం 53 రోజులు. అది ‘కష్టకాలపు మాస్’, తరువాత ‘నెల్సన్ మాస్’గా ప్రసిద్ధి. తీగల వాద్యాలు, బూరలు, నగారాలు, ఆర్గన్ మాత్రమే దానికి దక్కాయి. తీసేసిన వాద్యగాళ్ళ స్వరాలు పలకవలసిన చోట్ల ఆర్గన్ చేత పలికించాడు. ఖాళీ పోస్టుల పని ఉన్నవాడి మీద పడడం కొత్త సంగతి కాదని దీనివల్ల తెలుస్తోంది. కాని విన్నవారెవరూ అది కొరతగా ఉన్నదని అనరు. ఆ బోసితనమే దానికి బెదురు పుట్టించే గాంభీర్యం తెచ్చింది.

1801లో రాసిన మాస్‌లో ఆర్గన్‌కు మరొక అందమైన పని చెప్పాడు. పవిత్రాత్మను పావురంగా తలచుకునే చోట, ఐజెన్‌స్టాట్ కొండ చర్చిలో 1797లో పెట్టిన కొత్త ఆర్గన్‌లోని సన్న వేణువు గొట్టాలను పిట్ట కూసినట్టు పలికించాడు. ఆ చర్చిలోనే 1802 సెప్టెంబరు 8న ఆయన చివరి మాస్ పాడారు. గాలివాద్యాలవారు మళ్ళీ కొలువులోకి వచ్చారు, వారి పేరు మీదనే దానికి ‘హార్మొనీ మాస్’ అని పేరు. ఆ తరువాత పెద్ద రచన చేయలేదు, ఒళ్ళు సహకరించలేదు.

1806లో యుద్ధాల మూలంగా ధరలు మండిపోతే ప్రభువు ఏడాదికి 600 గుల్డెన్లు పెంచాడు. కరువు భత్యం అనే మాట లేదు గాని సంగతి అదే. 1809 మేలో నెపోలియన్ ఫిరంగులు వియన్నా మీద పడుతుండగా, మే 31న హైడన్ కన్నుమూశాడు. 77 ఏళ్ళు. 1820లో ఆయన అవశేషాలను ఐజెన్‌స్టాట్ కొండ చర్చికి, ఆ ఆర్గన్ ఉన్న చోటికే తెచ్చారు.

ఒక చూరు కింద

హైడన్ తరువాత కూడా ఈ రెండు వాద్యాల కుటుంబాలు చాలాకాలం వేరువేరుగానే ఉన్నాయి. 1887లో మ్యూనిక్‌లో రైన్‌బెర్గర్ అనే ఆయన వయొలిన్, సెల్లో, ఆర్గన్ ముగ్గురికీ కలిపి ఒక రచన చేశాడు. పియానో కూర్చునే కుర్చీలో ఆర్గన్‌ను కూర్చోబెట్టాడన్నమాట. ట్రియో, ఆర్గన్ కలిసే కచేరీలకు సరిగ్గా సరిపోయే రచన అది.

ఒకే చర్చిలో రెంటినీ వినిపించడంలో చిక్కులున్నాయి. చర్చి పైకప్పు ఎత్తు, గోడలు రాయి. ఒక స్వరం పలికితే కొన్ని క్షణాలు తిరుగుతూనే ఉంటుంది. ఆర్గన్‌కు అది వరం, పియానో ట్రియోకు శాపం. వేగంగా పోయే స్వరాలు ఒకదాని మీద ఒకటి పడి కలగాపులగం అవుతాయి. కాబట్టి ట్రియోవారు నిదానం పాటించాలి. ఇక శ్రుతి సంగతి. హాలు వెచ్చబడితే గొట్టాలలో గాలి వెచ్చబడి ఆర్గన్ శ్రుతి పెరుగుతుంది. వందల గొట్టాలను ఆ పూటకు సవరించలేరు. పియానో తీగలను బిగించే నిపుణుడే వచ్చి ఆర్గన్‌కు అనుగుణంగా సరిచేయాలి. కదలలేనివాడి దగ్గరకు కదలగలిగినవాడు రావాలి. పెద్దవయసువారున్న ఇళ్ళలో ఇది ఎవరూ చెప్పకుండానే తెలిసిన ధర్మం.

పెన్షను భిక్ష కాదు, చేసిన సేవకు దక్కవలసిన హక్కు అని మన సుప్రీంకోర్టు 1982 డిసెంబరు 17న నకారా కేసులో తేల్చింది. ఆ తేదీనే మనం పెన్షనర్ల దినంగా జరుపుకుంటున్నాం. హైడన్ కాలంలో అటువంటి తీర్పు లేదు. పెన్షను రావడం రాకపోవడం ప్రభువు గారి దయ. హైడన్‌కు, మొదటి వయొలిన్ తొమాసీని వంటి ఒకరిద్దరికి వచ్చింది. 1790లో ఆయనతో కలిసి కూర్చుని వాయించి, బయటికి వెళ్ళినవారిలో చాలామందికి ఆ భాగ్యం లేదు. ఆయన తరువాతి పన్నెండేళ్ళలో ఏం చేయగలిగాడో చూశాం. రేపటి తిండికి చింత లేని ముసలితనం ఒక మనిషికి ఇస్తే ఎంత పని బయటికి వస్తుందో చెప్పడానికి ఇంతకన్నా రుజువు నాకు తెలియదు. బయటికి పోయినవారి చేతుల్లో ఇంకా ఎంత పని మిగిలి ఉండేదో ఏ రిజిస్టరులోనూ లేదు.

మరొక మనిషిని తలచుకోకపోతే గుమాస్తా జాతికి ద్రోహం చేసినవాడినవుతాను. ఎల్స్‌లర్ అనే కుటుంబం. తండ్రి జోసెఫ్ ఎస్టర్‌హాజీ కొలువులో సంగీతం నకలు రాసే ఉద్యోగి. కొడుకు యోహాన్ హైడన్‌కు నకలు గుమాస్తాగా, సేవకుడిగా చివరిదాకా వెంట ఉన్నాడు, రెండవ లండన్ ప్రయాణంలో తోడు వెళ్ళాడు. 1805లో యజమాని రచనలన్నిటి పట్టిక తయారుచేసింది అతడే. నలభై ఏళ్ళ క్రితం మెమో వచ్చిన రోజుల్లో హైడన్ తెరిచిన రిజిస్టరు ఆ విధంగా ఒక గుమాస్తా చేతి మీదుగా పూర్తయింది.

వినదలచినవారికి ఒక మనవి. ఇంట్లో మనవలను అడిగితే ఫోనులో వెతికి పెడతారు. మొదట చిన్న ఆర్గన్ మాస్‌లోని బెనెడిక్టస్ అనే భాగం వినండి. తరువాత జి మేజర్ పియానో ట్రియో చివరి భాగం. ఆపైన నెల్సన్ మాస్ ఆరంభం. మొత్తం ఇరవై నిమిషాలు కూడా పట్టదు. పాశ్చాత్య సంగీతం మనకు రాదే అని వెనుకాడవలసిన పని లేదు. ముప్పై ఏళ్ళు హాజరుపట్టీలో సంతకం పెట్టినవారికి ఆ మనిషి భాష కొంత ముందే తెలిసి ఉంటుంది.